ఏకవచనం లేని అల్లరి

ఫింటన్ కల్హేన్‌కు ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరి వస్తువైనా ఉండాల్సిన చోట ఉంటే ఆయన చూసి ఊరుకోలేడు. నలభై ఏళ్లు పోస్ట్‌మాన్‌గా ఎవరి ఉత్తరం వాళ్లకు పొల్లుపోకుండా చేర్చాడు. డెబ్బై రెండేళ్ల వయసులో ఇప్పుడు ఆ కసంతా తీర్చుకుంటున్నాడని కిల్‌బ్రానా ఊరి జనం అనుకుంటారు.

ఆయన చేష్టలకు ఊరు పెట్టిన పేరు షెనానిగన్స్. ఆ మాట వింటే అట్రాక్టా టీచర్‌కు ఒళ్లు మండిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ.

"ఏ మాట ఎక్కడ వాడాలో తెలియదా మీకు? ఎవరికీ నష్టం లేని కొంటెపనిని అలా అంటారు. ఈ ముసలాయన చేసేది నేరం! పైగా అది ఎప్పుడూ బహువచనమే. ఏకవచనంలో ఎవరూ వాడరు."

"అందుకేనేమో టీచరమ్మా, ఒక్కటి చేసి ఊరుకోడు," అంది రొట్టెల కొట్టు నోరీన్.

టీచరమ్మ వంతు మార్చి నెలాఖరున మొదలైంది. పొద్దున్నే వాకిట్లో ఏదో అరుపు వినిపించి తలుపు తీస్తే ప్రహరీ గోడమీద మేక నిలబడి ఉంది. మేక నెత్తిమీద టీచర్ గారు చర్చికి పెట్టుకెళ్లే నీలం టోపీ.

"మేరీమాతా!"

చీపురు పట్టుకుని, ఇంటి చెప్పులతోనే వీధి ఆ చివర ఫింటన్ ఇంటిదాకా వెళ్లింది.

"నా టోపీ మేక నెత్తికెలా ఎక్కింది?"

"ఎండ కాస్తోంది కదా టీచరమ్మా."

"నువ్వేగా పెట్టావు?"

"నేనా? ఈ మోకాలితో గోడెక్కగలనా?" అని ఫింటన్ కుంటడం మొదలుపెట్టాడు. అదీ ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు.

వారం తిరక్కుండానే ఇంకొకటి. జనం తోటల్లో పెట్టుకునే గడ్డాల మరుగుజ్జు బొమ్మలు పదకొండు ఆవిడ పెరట్లో ఎత్తువారీగా వరుస కట్టి నిలబడ్డాయి. ముందున్న దాని మెడలో పలక. 'టీచర్, హాజరు వేసుకోండి.' ఆవిడ గుండె పట్టుకుని మెట్టుమీద కూలబడింది. తర్వాత లేచి, ఒక్కో బొమ్మనూ చంకనేసుకుని ఎవరిది వాళ్లకు ఇచ్చి రావడానికి బయలుదేరింది. పదకొండు ఇళ్లు. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి టీ, వెన్న రాసిన రొట్టె పెట్టారు. సాయంత్రానికి గొంతుదాకా టీతో ఇల్లు చేరింది.

మర్నాడు బట్టల తీగమీద పదిహేడు మేజోళ్లు వేలాడాయి. ఏ రెండూ జత కావు. వాటిలో ఆవిడది మాత్రం ఒక్కటీ లేదు. ఇక ఓపిక చచ్చి, నాలుగు పేజీల ఫిర్యాదు రాసుకుని పోలీస్ స్టేషన్‌కు నడిచింది.

సార్జెంట్ టూహీ ఆవిడ శిష్యుడే. ఫిర్యాదంతా శ్రద్ధగా చదివాడు.

"దొంగతనమైతే కేసు పెడతాను టీచర్. కొట్లాటైనా పెడతాను. ఇది షెనానిగన్స్. దీనికి సెక్షన్ లేదు."

"నువ్వూ ఆ మాటే అంటావురా?"

టూహీ బీరువాలోంచి పాత ఫిర్యాదుల కట్ట తీసి ఆవిడ ముందు పెట్టాడు. మాసీ హాన్రహన్ బూట్లలో పూలమొక్కలు నాటడం. ఫిలొమీనా వంటింటి కుర్చీలో ఫాదర్ గారి టోపీ పెట్టిన దిష్టిబొమ్మ. ఇలా తొమ్మిది ఉన్నాయి.

"తేదీలు చూడండి. మాసీ భార్య చనిపోయాక నెలకు. ఫిలొమీనా భర్త పడవ సముద్రంలో మునిగాక నెలకు. చావు చూసిన గుమ్మం తప్ప ఇంకో గుమ్మం తొక్కలేదు ఆయన." టూహీ గొంతు తగ్గించాడు. "ఫిబ్రవరిలో మీ అక్కగారు పోయారు. ఆరు వారాలు మీరు తెర కూడా తీయలేదు. నేను వచ్చి తలుపు కొట్టాను, నోరీన్ కొట్టింది, ఫాదర్ గారు కొట్టారు. మీరు తీసింది మేకకే."

అట్రాక్టా నాలుగు పేజీలూ మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు పెందలాడే లేచి తల దువ్వుకుని కిటికీ దగ్గర నిలబడింది. ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. మూడోనాడు కూడా అన్నీ ఎక్కడివక్కడే ఉండేసరికి ఆవిడకు నిజంగానే కోపం వచ్చింది. తిన్నగా ఫింటన్ ఇంటికి వెళ్లింది.

"ఏమయ్యా, మూడు రోజులుగా మా ఇంటివైపు చూడవేం?"

"మీకు నయమైంది టీచరమ్మా. మొన్న కొట్టు దగ్గర నోరీన్ తప్పులు దిద్దుతూ పగలబడి నవ్వారుగా, విన్నాను," అన్నాడు ఫింటన్. "ఇప్పుడు పశువుల డాక్టర్ డెవేన్ వంతు. పాపం, పోయిన గురువారమే భార్యను మట్టి చేశాడు. వచ్చే నెల ఆయన గుమ్మంలో ఒక బక్కెట్..."

"బక్కెట్టా? తన్నేసి లోపలికి పోతాడు! తీసుకెళ్లి తిరిగి ఇచ్చే వస్తువు కావాలి. ఇచ్చే చోట ఆయనతో మాట్లాడే మనిషీ ఉండాలి." ఆవిడ వీధిలోకి తొంగిచూసింది. చర్చి గోడకు ఫాదర్ గారి సైకిల్ ఆనించి ఉంది. "వచ్చే నెలదాకా ఎందుకు? రా."

ఫింటన్ ముఖం పాలిపోయింది. "అమ్మో, అది ఫాదర్ గారిది! అడక్కుండా ఎలా టీచరమ్మా?"

"అడిగి చేస్తే దాన్ని షెనానిగన్స్ అనరయ్యా," అంది అట్రాక్టా. "ముందు చక్రం నువ్వు పట్టుకో."