చాతం మిల్లు మీద పట్టిన చేపలు

మా ఆఫీసులో ఏ సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో చెప్పేవాణ్ణి నేను. తయారు చేసేది నా ఎదురు బల్ల దగ్గర కూర్చునే ఇంజినీరు. నా ఉద్యోగాన్ని ప్రోడక్ట్ మేనేజర్ అంటారు. పోర్ట్ బ్లెయిర్‌కి వచ్చిన కొత్తలో, ఆస్టినాబాద్‌లో నేను అద్దెకున్న ఇంటి యజమానికి ఈ ఉద్యోగమేమిటో వివరించబోతే, "అంటే పని చెప్పేసి పక్కకి తప్పుకోవడమన్నమాట" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. ఆయన ఎంత సరిగ్గా చెప్పాడో తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఇంజినీరు మిన్నీ బేలో పుట్టి పెరిగిన అమ్మాయి. తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడి సముద్రంలో వల వేశాడు, తండ్రి ఇప్పటికీ వేస్తున్నాడు. ఆమె తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. కాబట్టి ఇదంతా రాయడం అయ్యాక నేనే చదివి వినిపించాలి. అందుకని ఒక్క అబద్ధం కూడా కలపడానికి వీల్లేదు.

ఒక మత్స్యకారుల సొసైటీ మా దగ్గరికి వచ్చింది. వాళ్ళు అడిగింది చిన్న పని. పడవ జెట్టీకి చేరగానే ఏ చేప ఎంత పడిందో ఫోన్‌లో నొక్కితే, సొసైటీవాళ్ళు దానికి తగ్గ ఐసునూ, కొనేవాళ్ళనూ సిద్ధం చేసుకుంటారు. అంతే. నేను అంతటితో ఊరుకోలేదు. ఎక్కడో ఒక మీటింగులో నీలం సముద్రం మీద రంగురంగుల చుక్కలున్న మ్యాప్ చూశాను. అలాంటిది మనకూ ఉండాలనిపించింది. చేప ఎక్కడ పట్టారో మ్యాప్ మీద నొక్కి తీరాలి, నొక్కకపోతే యాప్ ముందుకు కదలకూడదు అని రాసి ఆమెకిచ్చాను.

ఆమె ఆ పేజీ దగ్గర ఆగింది.

"ఏటి భయ్యా ఇది? మా నాన్న వల ఎక్కడేసాడో మా చిన్నాన్నకే సెప్పడు. సగా భాయీ, సొంత తమ్ముడు ఆయన. మీ ఫోన్‌కి సెప్తాడా?"

"అలవాటవుతుందిలే" అన్నాను.

ఎదుటివాళ్ళ మాట వినడం ఇష్టం లేనప్పుడల్లా నేను వాడే మాట అది. ఆమె నేను చెప్పింది చెప్పినట్టు చేసింది, నేను అడిగినదానికంటే బాగా చేసింది. మ్యాప్ మీద వేలు పెడితే నీటిలో చినుకు పడ్డట్టు చిన్న అల లేచేది. వాళ్ళ నాన్న జెట్టీలో అందరికీ ఫోన్ చూపించి, మా పిల్ల చేసిందని చెప్పుకున్నాడట.

పన్నెండు పడవలతో నెల రోజులు నడిపి చూశాం. తర్వాత సొసైటీ గదిలో, గోడ మీద పెద్దగా కనిపించేలా మ్యాప్ తెరిచాను. సముద్రం ఖాళీగా ఉంది. నెల రోజుల చుక్కలన్నీ చాతం దీవి మీద, సరిగ్గా రంపపు మిల్లు కప్పు మీద కుప్పపడి ఉన్నాయి. వంజరం, సూర, కవ్వళ్ళు, అన్నీ అక్కడే పట్టారట. వెనక నుంచి ఎవరో చేపలు పలకలు కోయించుకోవడానికి వచ్చాయన్నారు. గదంతా నవ్వింది. సొసైటీ సెక్రటరీ కూడా నవ్వి, నా వైపు తిరిగి ఇదేమిటని అడిగాడు.

కారణం నాకు ఆ క్షణమే అర్థమైంది. అయినా నా నోట వచ్చిన మాట వేరు. "మ్యాప్‌లో చిన్న టెక్నికల్ సమస్య సార్. మా ఇంజినీరు సరిచేస్తుంది."

ఆమె నా పక్క కుర్చీలోనే ఉంది. ల్యాప్‌టాప్ మెల్లగా మూసింది.

సాయంత్రం సెక్రటరీ ఫోన్ చేశాడు. ఆ అమ్మాయికి ఇంకా పని పట్టుబడినట్టు లేదనీ, సోమవారం నుంచి మెయిన్‌లాండ్ మనిషినెవరినైనా పెట్టమనీ అన్నాడు. కాదనడానికి ఒక్క మాట చాలు. నేను "చూద్దాం సార్" అన్నాను. మర్నాటికి జెట్టీలో మాట పాకింది. తండ్రి ఫోన్ తీసి చూపించడం మానేశాడని విన్నాను.

ఆ ఉదయం ఆమె నాతో గొడవ పడలేదు. "టికెట్ రాయండి భయ్యా. తప్పు ఎక్కడుందో తెలిస్తేనే కదా ఠీక్ చేస్తాను" అంది.

మా పనిలో లోపం కనిపిస్తే నోటితో చెప్పడం చాలదు. టికెట్ అనే చిన్న ఫారం నింపాలి. ఏం జరగాలి, ఏం జరిగింది, తప్పు ఎక్కడుంది. మూడో గడి ఖాళీగా వదిలితే ఫారం వెళ్ళదు. ఆ నిబంధన పెట్టింది నేనే.

రాయడం మొదలుపెట్టాను. ఏం జరగాలి: చేప పట్టిన చోటు చెప్పాలి. ఏం జరిగింది: ఎవరూ చెప్పలేదు. మూడో గడి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. 'మ్యాప్' అని కొడితే ఫారం వెళ్ళిపోతుంది. కొట్టాను కూడా. అప్పుడు తెలిసింది, నేనూ చాతం మిల్లు మీదే నొక్కుతున్నానని. వాళ్ళు తమ చేపల చోటు కాపాడుకోవడానికి నొక్కారు. నేను నా పరువు కాపాడుకోవడానికి ఒకరి పొట్ట మీద నొక్కుతున్నాను. 'మ్యాప్' చెరిపి నా పేరు రాసి పంపాను.

మాట పాకింది జెట్టీలో కాబట్టి దిద్దుకోవలసిందీ అక్కడే. సెక్రటరీని రమ్మని చెప్పి, పడవలు దిగే వేళకు వెళ్ళాను. ఆమె వద్దన్నా వచ్చింది. చేపల బుట్టల మధ్య నిలబడి, తప్పు యాప్‌ది కాదు, ఈ అమ్మాయిది అసలే కాదు, వద్దని చెప్పినా బలవంతాన ఆ ప్రశ్న పెట్టించింది నేనూ, గదిలో అబద్ధమాడిందీ నేనూ అని చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. వాళ్ళ నాన్న తల గోక్కున్నాడు.

"ముందు నొక్కింది నానే బాబూ. మిల్లు మీద నొక్కితే ఎవుడికీ ఏటీ పోదు కదా అనుకున్నాను. నన్ను సూసి ఆళ్ళందరూ నొక్కీసినారు." కూతురి వైపు చూశాడు. "నీ మీదికి పేరొస్తాదని తెలీదమ్మా."

"బద్‌నామ్ వచ్చింది నాన్నా, పేరు కాదు" అంది ఆమె. అందరికంటే ముందు ఆమే నవ్వింది.

సెక్రటరీ, అయితే వేరే మనిషి అక్కర్లేదన్నాడు. మరి ఏం అడిగితే నిజం చెప్తారని నేను వాళ్ళ నాన్ననే అడిగాను. మూడేళ్ళలో ఒక పడవవాణ్ణి నేనడిగిన మొదటి ప్రశ్న అది.

"ఎక్కడికెళ్ళినావని ఇంట్లో ఆడోళ్ళే అడగరు బాబూ. ఎప్పుడొస్తావనే అడుగుతారు. అది సెప్తాం."

వారం తిరగకుండా ఆమె మ్యాప్ తీసేసి, ఎప్పుడొస్తారు అనే ఒక్క ప్రశ్న పెట్టింది. సముద్రం మీద ఫోన్‌కి సిగ్నల్ దొరకగానే టైం నొక్కితే చాలు, వచ్చేసరికి ఐసు సిద్ధంగా ఉంటుంది. మొదటి రోజే వాళ్ళ నాన్న పది గంటలని నొక్కాడు. పదిన్నర దాటాక సెక్రటరీ ఫోన్. ఐసు కరుగుతోంది, పడవ జాడ లేదు, యాప్‌లో ఏదైనా తప్పుందా అని.

ఎదురు బల్ల దగ్గర కీబోర్డు చప్పుడు ఆగింది.

"ఇంజినీరు నేను చెప్పినట్టే చేసింది సార్. ఆలస్యమైతే టైం మార్చుకునే వీలుండాలని నాకు తట్టలేదు. తప్పు నాదే" అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆమె తల ఎత్తకుండానే అంది, "టికెట్ రాసెయ్యండి భయ్యా. మూడో గడి ముందు నింపండి."