అన్ని ఉలులకూ నా పిడులే

మా పనిపెట్టె తెరిచి చూసినవాళ్ళు అందులో ఉన్నవన్నీ పాడైపోయిన సామానులనుకుంటారు. ఏ ఉలికీ పిడి ఉండదు. ఉత్త ఇనుములు నూనెగుడ్డలో చుట్టి ఉంటాయి. ప్రతి ఇనుముకూ వెనకవైపు గొట్టం లాంటి బోలు ఉంటుంది. పొద్దున పనిలోకి దిగేముందు ఆ బోలులో పిడి మొన దూర్చి, తలమీద కొయ్యసుత్తితో కొడితే బిగుసుకుంటుంది. సాయంత్రం పక్కనుంచి తడితే ఊడి వస్తుంది.

ఆ ఇనుములు మా నాన్నవి. పిక్కిలిలో ఒక కమ్మరి పాత లారీ కమాను పట్టీలను కాల్చి, సాగదీసి చేసిచ్చాడు. నాన్న తమిళనాడు ధర్మపురి చుట్టుపక్కల ఊళ్ళలో సైకిలు మీద తిరిగి తలుపులూ కిటికీలూ చేసినవాడు. పిడులు ఊడదీస్తే పెట్టె చిన్నదవుతుంది, ఇనుమును మళ్ళీ కొలిమికి పంపినప్పుడు కొయ్య కాలిపోతుందన్న బెంగ ఉండదు. మొదట్లో కారణం అంతే అయి ఉంటుంది. మాకు పని చేతికొచ్చే నాటికి దాని చుట్టూ ఇంటి కట్టుబాటు ఒకటి ఏర్పడి ఉంది. ఇనుములు ఇంటివి, పిడులు మనిషివి. నాకూ తమ్ముడికీ ఒకటే పెట్టె. పిడులు మాత్రం ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళు చెక్కుకున్నవి, ఎవరి సంచిలో వాళ్ళు పెట్టుకున్నవి. పొద్దున ఎవరు ముందు పిడి తొడిగితే ఆ పూటకు ఆ ఇనుము వాళ్ళది. రెండోవాడికి కావాలంటే అడగాలి. తొడిగినవాడే తన చేత్తో పిడి ఊడదీసి ఇవ్వాలి. ఇంకొకరి పిడిని ముట్టుకోకూడదు.

ఇక పని చెయ్యలేనని తెలిసిన రోజు నాన్న ఎవరికీ ఏమీ చెప్పలేదు. తన పిడులన్నీ తెచ్చి నీళ్ళపొయ్యిలో పెట్టాడు. కాగిన నీళ్ళతో స్నానం చేసి వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. మాకు అర్థమైంది. తాత కూడా అలాగే చేశాడట. మా ఇంట్లో పెద్ద విషయాలు నోటితో చెప్పుకునే అలవాటు లేదు.

ఇదంతా ముందే రాయడానికి కారణం ఉంది. నేను చేసినదాన్ని తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదు.

మా ఇద్దరిలో నోరున్నవాడు తమ్ముడు. పనిలో మాట లేకపోతే వాడికి ఊపిరాడదు. "అన్న ఉలిని పట్టుకుంటే పెండ్లికూతురి చెయ్యి పట్టుకున్నట్టే ఉండాది. వదినా, నువ్వు చూడలేదు గానీ," అని మా ఆవిడ అన్నం తెచ్చినప్పుడల్లా నన్ను ఏడిపించేవాడు. కిందటి ఏడు వానలకు ముందు, ఒక పెంకుటింటి దూలాలు మారుస్తూ పరంజా మీదనుంచి జారి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఆస్పత్రికి తీసుకుపోదామని వాడి భార్య అడిగింది. నాటు కట్టు చాలు అన్నది నేను. ఎముక అతుక్కుంది గానీ కొంచెం వంకరగా అతుక్కుంది. వేళ్ళు మూసుకుంటాయి, పట్టు బిగియదు.

కట్టు విప్పాక వాడు జామకొయ్యతో కొత్త పిడులు చేసుకున్నాడు. మామూలు పిడికంటే లావు. పైన సైకిలు ట్యూబు చుట్టాడు. వాటిని తెచ్చి నా ముందు పరిచాడు.

"ఎట్ల ఉండాయన్నా?"

"రోకళ్ళ మాదిరి ఉండాయి."

"మంచిది. పని లేకపోతే వదినకు వడ్లు దంచిపెడతాను."

ఆ పిడులతో వాడు పని చేసేవాడు. మునుపటి వేగం లేదు. ఒక్కోసారి ఉలి పక్కకు జారేది. జారిన చోటు చూసి నన్ను చూసేవాడు. నేను ఏమీ అనేవాణ్ణి కాను. అనకుండా ఉండటమే మంచితనమని నా నమ్మకం.

అప్పుడు హరూర్‌లో ఒక కొట్టు యజమాని కొత్త ఇంటికి తలవాకిలి పని వచ్చింది. వాళ్ళూ మా మాదిరే ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడేవాళ్ళు. టేకు తలుపు, పైన పద్మాలు చెక్కాలి. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడింది. మొదటి రోజు నాకు నిజంగానే తొందరగా ఉండి, తమ్ముడికంటే ముందు పెట్టె తీసుకుని బస్సులో పోయి, కావలసిన ఉలులకు నా పిడులు తొడుక్కున్నాను. కావలసినవాటితో ఆగలేదు. చేతికి అందినవాటన్నిటికీ తొడిగాను. తమ్ముడు వచ్చి పెట్టె దగ్గర కూర్చున్నాడు.

"అన్నా, ఆ సన్న ఉలి ఇస్తావా?"

"దాంతోనే పని ఉండాది. కొంచేపు సుమ్మ ఊరికే ఉండు."

"సరే. వెడల్పుది?"

"అదీ కావాలరా."

వెడల్పు ఉలి నా పక్కన పలకమీద ఊరికే పడి ఉంది. వాడు దాన్ని చూశాడు. ఆ పూటంతా గరుకు ఉప్పుకాగితంతో అంచులు రుద్దాడు. సాయంత్రానికి ఒక పద్మం పూర్తయింది. ఎక్కడా గీత పడలేదు. బస్సులో ఇంటికొస్తూ ఆ రోజు నా భుజాలు నొప్పెట్టలేదని గుర్తించాను. అన్ని రోజులూ నేను వాడి ఉలిని చూస్తూ, అది జారుతుందేమోనని బిగబట్టుకుని పని చేశానన్నమాట.

మర్నాడు కూడా ముందే పోయాను. ఈసారి తొందర అబద్ధం.

వాడికి చెప్పి ఉండవచ్చు. "చెయ్యి ఇంకా కుదురుకోలేదు, ఈ తలుపు నన్ను చెయ్యనియ్యి, నువ్వు పలకలు సాపు చెయ్యి," అంటే వాడు ఒకటో రెండో ఎగతాళి మాటలాడి ఒప్పుకునేవాడు. ఆ నాలుగు మాటలు నా నోట రాలేదు. తమ్ముణ్ణి తక్కువ చేసినవాణ్ణి అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. కట్టుబాటు ప్రకారం నేను తప్పేమీ చెయ్యడం లేదు కదా. ముందు వచ్చినవాడు తొడుక్కున్నాడు, అంతే. మంచివాడిగా ఉంటూనే వాణ్ణి పక్కకు తప్పించే ఉపాయం నాకు దొరికింది.

అయినా కొన్ని ఉలులు మిగిలిపోయేవి. ఎప్పుడో గాని వాడని వంకర ఉలులు. వాటికి సరిపోయే పిడులు నా దగ్గర లేవు, వాడి దగ్గర ఉన్నాయి. వాడు వాటికి తన లావు పిడులు తొడిగి, పద్మం రేకుల వెనకవైపు ఏదో ఒక మూల గీకుతూ కూర్చునేవాడు. అక్కడ కూడా నాకు భయమే. ఆ ఆదివారం పని లేదు. నేను వాకిట్లో కూర్చుని తుమ్మకొయ్య చీల్చి కొత్త పిడులు చెక్కాను. వంకర ఉలుల బోలులో ఒక్కొక్కటీ దూర్చి చూసి, మొన గీకి, మళ్ళీ దూర్చి సరిచేశాను. తలలు పగలకుండా ఇనుప పొన్నులు కూడా వేశాను. అంత శ్రద్ధగా నేను ఎప్పుడూ పిడులు చెయ్యలేదు.

మా ఆవిడ చాటలో రాగులు చెరుగుతూ చూసింది.

"ఎవరికి ఇన్ని?"

"నాకే."

"నీకు ఎన్ని చేతులు ఉండాయి?" అని నవ్వింది.

నేను నవ్వలేదు. ఆమె చెరగడం ఆపింది. అరుగుమీద వరుసగా ఉన్న పిడులను చూసింది, తమ్ముడు ఉండే వాటా వైపు చూసింది. మళ్ళీ చెరగసాగింది. ఆ తర్వాత చాలా రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

సోమవారం పొద్దున తమ్ముడు హరూర్‌కు వచ్చేసరికి పెట్టెలో నూనెగుడ్డ ఒక్కటే ఉంది. ఇనుములన్నీ నా పిడులతో పలకమీద ఉన్నాయి. వాడు తన సంచి భుజాన్నుంచి దించకుండానే నిలబడ్డాడు. కొత్త పిడులను గుర్తుపట్టాడు. తుమ్మకొయ్య పచ్చిగా ఇంకా ఎర్రగా ఉంది.

ఆ రోజు వాడు ఏదీ అడగలేదు. పొట్టు ఊడ్చాడు. టీకడకు పోయి అందరికీ టీ తెచ్చాడు. ఇంటాయన వచ్చి పద్మాలు చూసి మెచ్చుకుని, వాడి వైపు తిరిగి సరదాకు అన్నాడు.

"ఏమప్పా, నువ్వు సూపర్వైజరా? చేతిలో ఒక సామాను కూడా లేదే!"

"అవునన్నా. అన్న చేస్తాడు, నేను చూస్తాను. చూసేది అంత సులభం అనుకోవద్దు," అన్నాడు తమ్ముడు. ఇంటాయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

మర్నాడు వాడు రాలేదు. "వదినా, నేను ఇంక రాను అని అన్నతో చెప్పు," అని మా ఆవిడతో అని పోయాడట. ఆమె ఆ మాట నాకు చెప్పి వంటింట్లోకి పోయింది. ఇక్కడ నిజం రాయాలి. నాకు బాధ కలగలేదు. హాయిగా అనిపించింది. వాడే మానుకున్నాడు, నేను మాన్పించలేదు అనుకున్నాను. తలుపు ముహూర్తానికి ముందే నిలబెట్టాను. ఇంటాయన కొత్త పంచె పెట్టాడు.

వాన కాలం పోయాక ఒక రోజు తమ్ముడి భార్య దగ్గర బావి చేద అడగడానికి వాళ్ళ వాటాలోకి పోయాను. వాడు లేడు. నీళ్ళపొయ్యి పక్కన మసిపట్టిన ఇనుప పొన్నులు కుప్పగా ఉన్నాయి. పిడుల తలలకు వేసేవి.

"ఇవేమి?" అన్నాను.

"మీకు తెలీదా బావా?" అంది ఆమె. "మీరు తలుపు నిలబెట్టి వచ్చినారే, ఆ పొద్దే అన్నీ పొయ్యిలో పెట్టేసినాడు. ట్యూబు కాలి వీధంతా కంపు. ఏమి కాలుస్తా ఉండావు అని మీ ఇంటినుంచే కేకేసి అడిగినారు కదా."

అడిగాను. గుర్తుంది. పాత చెప్పులు కాలుస్తున్నారనుకున్నాను.

తమ్ముడికి ఇంకా తల నెరవలేదు. నాన్న ముసలితనంలో చేసిన పని వాడు ఈ వయసులో చేశాడు. నేను మాటతో చెప్పలేదు గనుక చెప్పనట్టే అనుకున్నాను. వాడికి మాత్రం స్పష్టంగా వినబడింది. మా ఇంట్లో పుట్టినవాడికి కాకపోతే ఇంకెవరికీ అలా వినబడదు.

వాడు కారిమంగళం సంతలో కూర్చుంటున్నాడని ఆమె చెప్పింది. సంత రోజు పోయాను. కొడవళ్ళు, పారలు అమ్మే వరుస చివర గోనెపట్టా పరుచుకుని ఉన్నాడు. రైతులు కొనుక్కున్న పారలకూ గొడ్డళ్ళకూ పిడులు వేస్తున్నాడు. కర్రను రెండు పాదాల మధ్య ఇరికించి, ఎడమచేత్తో కత్తి లాగుతున్నాడు. కుడిచెయ్యి ఊరికే ఆనించి ఉంది. నన్ను చూసి గోనెపట్టా మీద పొట్టు తుడిచి చోటు చేశాడు.

"రా అన్నా. సుమ్మనే వచ్చినావా, పార కొనాలనా?"

"నిన్ను చూడాలని వచ్చినాను."

"చూడు. చూసేదానికి టిక్కెట్టు లేదు."

టీ తెప్పించాడు. పిల్లల చదువు అడిగాడు, మా ఆవిడ మోకాలినొప్పి అడిగాడు. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. తాగితే మాట్లాడాల్సి వస్తుందని తాగలేదు. చివరకు అన్నాను.

"హరూర్‌లో నేను కావాలనే చేసినాను. నిన్ను ఉలి పట్టనియ్యకూడదనే. కొత్త పిడులు కూడా అందుకే చేసినాను."

వాడు కత్తి ఆపలేదు. "పని అర్జెంటు కదన్నా."

"అర్జెంటు కాదు."

"సరే, కాదు." కర్ర తిప్పి రెండోవైపు గీకసాగాడు. "ఇప్పుడు ఏమంటావు?"

"మళ్ళీ రా. నువ్వు ఎంత చేస్తే అంత. నేను ముందు రాను. నువ్వు వచ్చి తొడిగినాకే నేను తొడుగుతాను."

కత్తి అప్పుడు ఆపాడు. నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ ముఖంలో. వాడి కళ్ళ కింద గీతలు అంతకు ముందు నేను చూడనివి.

"నువ్వు నన్ను మంచిగానే పెట్టుకుంటావన్నా. తెలుసు నాకు. అయితే దినమూ పొద్దున ఒక ఉలి తీసేముందు నీ మొకం చూస్తాను. తీయాలనా వద్దా అని. నువ్వు ఏమీ అనవు. నీకు అనే అలవాటు లేదు. నేనే చూసుకోవాల. ఇక్కడ నేను ఎవరి మొకమూ చూసే పని లేదు."

చల్లారిన టీ గ్లాసు గోనెపట్టా అంచున పెట్టాను.

అంతలో ఒక రైతు పార తెచ్చి వాడి ముందు పెట్టాడు. వాడు ఆయన్ను పార ఎలా పట్టుకుంటారో చూపించమన్నాడు. ఆయన చూపించాడు. రైతు నా వైపు చూసి, ఈయన ఎవరని తమిళంలో అడిగాడు.

"మా అన్న. తలుపులు చేసే పెద్ద ఆశారి. పని ఈయన దగ్గరే నేర్చుకున్నాను," అన్నాడు తమ్ముడు, కొత్త కర్ర ఏరుకుంటూ.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. ఉండి ఉంటే లేచి బస్టాండుకు నడవడం నాకు ఇంకొంచెం తేలికయ్యేది.