తిణ్ణె అత్త ఉయ్యాలలు

మా ఊరు సేత్తూరులో బస్సు ఆగగానే కండక్టరు తల బయటపెట్టి చెప్పాడు: "అక్కా, తిణ్ణె అత్త పోయినారు. పొద్దున్నే." కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను.

రాజపాళయంలో ఆసుపత్రికి ఎదురుగా ఉన్న సందులో ఆమె ఇల్లు. ఇంటి ముందు పొడవాటి అరుగు. మా వైపు దాన్ని తిణ్ణె అంటారు, చివరికి ఆమె పేరూ అదే అయిపోయింది. ఆసుపత్రిలో ఎప్పుడూ పడకలు చాలక, జబ్బు పిల్లలకు పొద్దున ఒక సూది వేసి సాయంత్రం మళ్ళీ రమ్మనేవారు. మంసాపురం నుంచో మా ఊరి నుంచో వచ్చిన తల్లి అందాకా బిడ్డను ఎక్కడ పెట్టుకోవాలి? అత్త తిణ్ణె మీద. దూలానికి వరుసగా ఇనుప కొక్కేలు కొట్టించి ఉంచింది. తల్లి తన చీరతోనే ఉయ్యాల కట్టుకోవాలి, మంచి దుప్పటి తెచ్చినా ఒప్పుకునేది కాదు. "తల్లి కోక వాసన ఉంటేనే బిడ్డ నిద్రపోతాది" అనేది.

అత్త వాళ్ళు రాజులు. మా వైపు రాజుల ఇల్లంటే వాకిట్లో తెల్లటి వేటకుక్క ఉండాల్సిందే. మొరిగితే పిల్లలు ఉలిక్కిపడతారని అత్త తన కుక్కను తోటకు పంపేసింది. మొరిగే పని మాత్రం తనే చూసుకునేది. అన్నం ముట్టని తల్లి కనబడితే చాలు, "జొరం బిడ్డకు వచ్చినాది. నీ కడుపేం పాపం చేసినాది? తిను" అని కసిరేది. ఊరికే కూర్చున్న తండ్రులను బావి దగ్గరికి తోలేది. ఎవరైనా ఖాళీ ఉయ్యాలను ఊపారో, అంతే సంగతులు. "ఆపు! బిడ్డ లేని ఉయ్యాల ఊపగూడదు" అని లోపలి నుంచే కేక.

నా కొడుకుని తెచ్చి ఆ తిణ్ణె మీద ఉయ్యాల కట్టినప్పుడు వాడికి రెండేళ్ళు నిండలేదు. జ్వరం తగ్గక మూర్ఛలు మొదలైతే ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం వాడు పోయాడు. మా ఆయన బండి తేవడానికి వెళ్ళారు. మూట సర్దుకుందామని నేను తిణ్ణెకు వచ్చాను. వాడి ఉయ్యాల అలాగే వేలాడుతోంది. దాని ముందు కూర్చుని ఊపడం మొదలుపెట్టాను. ఎందుకో నాకే తెలియదు, చెయ్యి ఆగలేదు.

పక్కనున్న తల్లి భయపడి తన బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది. అత్త తడి చేతులతో బయటికొచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె ఉయ్యాలకు అవతల కూర్చుని, "ఊపమ్మా" అంది. నేను ఆమె వైపు తోశాను. ఆమె నా వైపు తోసింది. బండి వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

"ముడి నువ్వు విప్పొద్దు" అని తనే విప్పి, చీర మడిచి నా చేతిలో పెట్టింది. చిన్నదానివి, ఇంకో బిడ్డ పుడతాడులే అని ఆ రోజు ప్రతివాళ్ళూ అన్నారు. అత్త అనలేదు. ఆ ఒక్కదానికే నేను బతికున్నన్నాళ్ళూ ఆమెను తలుచుకుంటాను.

నేను చేరేసరికి అత్తను ఆ తిణ్ణె మీదే పడుకోబెట్టి ఉన్నారు. చావింట్లో జబ్బు పిల్లలు ఉండకూడదని తల్లులంతా ఉయ్యాల చీరలు విప్పుకుని, పిల్లలను తీసుకుని ఎటో వెళ్ళిపోయారు. కొక్కేలన్నీ బోసిగా ఉన్నాయి. మగవాళ్ళు ఆమెను ఎత్తుకుపోయాక అత్త కోడలు ఇల్లు కడిగింది. దండెం మీద అత్త చీర ఒకటి ఉంది, ముందు రోజు తనే ఉతికి ఆరేసుకున్నది. కోడలు దాన్ని తీసి, ఎక్కడ పెట్టాలో తోచక పట్టుకుని నిలబడింది.

"దీన్నేం చేసేదక్కా?" అంది.

నేను అందుకుని కొక్కేనికి ఉయ్యాల కట్టాను. కడిగిన నేల ఇంకా తడిగానే ఉంది. ఒక పక్క కూర్చుని మెల్లగా తోశాను. కోడలు కాసేపు చూసింది. తర్వాత అవతల పక్క కూర్చుని, తిరిగి నా వైపు తోసింది.