మూడు రెక్కల కోతలు

తొంభైల మొదట్లో నేను కోదాడలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. తమ్ముడు హైదరాబాద్‌లో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. ఒక ఉత్తరంలో వాడు మూడు బొమ్మలు గీసి పంపాడు. ఒకే కంపెనీ చేసిన మూడు చిన్న విమానాల రెక్కలు, అడ్డంగా కోస్తే ఎలా కనిపిస్తాయో ఆ గీతలు. పాతదానికి అడుగు చదును, వీపు గుండ్రం. రెండోదానికీ అదే కోత, కాని రెక్క కొసకు పోయేకొద్దీ సన్నబడింది. కొత్తదానికి ముక్కు, అంటే రెక్క ముందంచు, కాస్త కిందికి వంగింది. "ఇన్ని దినాలు పాతదాంట్ల నేర్చుకున్న. అది రిపేరుకు పోయింది. సోమవారం రెండోదాంట్ల ఒక్కణ్నే ఎగరాలె" అని రాశాడు.

అప్పటినుంచి కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ముక్కు మరీ పైకెత్తితే ఏ రెక్కయినా గాలి మీద పట్టు తప్పి పడిపోతుంది. పడేముందు వణికి హెచ్చరిస్తుందా లేదా, నాకు తెలియాల్సింది అదే. బొమ్మల ప్రకారం మూడు చెక్క ముక్కలు చెక్కించుకుని, శనివారం బడి వదలగానే మిర్యాలగూడ బస్సెక్కాను. అక్కడి రైస్ మిల్లులో మా చిన్నాన్న ఫిట్టర్. పొట్టు ఊదే బ్లోయర్ ముందు ఒక్కో ముక్కనూ చువ్వకు గుచ్చి పట్టుకుని, మెల్లగా ముక్కు ఎత్తాను.

"గాలికి పొట్టు ఎగురుతది గని, కట్టె ఏం చెప్తదే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని చిన్నాన్న నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

పాతదీ, కొత్తదీ చేతిలో వణికిన తర్వాతే పడ్డాయి. రెండోది చెప్పాపెట్టకుండా కూలింది. మళ్లీ మళ్లీ చూశాను, ప్రతిసారీ అంతే.

ఆదివారం పొద్దున్నే సూర్యాపేటలో అమ్మ దగ్గరికి పోయాను. అమ్మకు ఏమీ చెప్పకుండా బస్టాండు ఎదుటి ఎస్టీడీ బూత్ నుంచి తమ్ముడి హాస్టల్‌కు ఫోన్ చేశాను.

"రేపు ఎక్కకు. ఆ రెక్క మంచిది కాదు, పరీక్ష చేసి చూసిన."

వాడు అంతా విన్నాడు. "జానెడు కట్టెముక్కకు, అసలు రెక్కకు గాలి ఒక్కతీరుగ ఉంటదా అక్కా? పిల్లలకు చెప్పేది నువ్వే గద?"

ఆ సంగతి నాకు తెలియక కాదు. పదిమందికి పాఠం చెప్పే నోటితో భయమేస్తోందని అనలేక, సైన్సును అడ్డం పెట్టుకున్నాను. చెప్పలేనంత సిగ్గేసింది.

"నాకు భయమైతాందిరా" అన్నాను.



"నాకు గూడ అయితాంది. జరసేపు ఫోన్ పెట్టకక్కా" అన్నాడు.