సత్యవతిగారి డాక్టరు చీటీ

మా రొయ్యల కంపెనీలో సిబ్బంది ఫైళ్లు చూసేది నేనే. సూపర్‌వైజరు బూతులు తిడుతున్నాడని సత్యవతిగారు ఇచ్చిన ఫిర్యాదు మీద ఈ రోజు విచారణ జరిగింది. ఆవిడ ఫైల్లో ఉన్న మానసిక వైద్యుడి చీటీ కూడా విచారణలో పెట్టమన్నారు మేనేజరుగారు. ముందు ఆవిడనే అడిగాను.

"అది సెలవు కోసం ఇచ్చేనండీ. మా ఇంట్లోనే తెలీదు," అన్నారు.

చీటీ బీరువాలో పెట్టి తాళం వేశాను. అది లేకుండానే సూపర్‌వైజరుది తప్పని తేలింది.

సాయంత్రం మేనేజరుగారు తలుపు దగ్గరగా వేసి, "ఆ డాక్టరుగారి పేరైనా చెబుతారా? నాకు నిద్ర పట్టట్లేదండీ," అన్నారు.

"ఆ పేరూ ఆవిడ చీటీలోదేనండీ. మీకు ఇంకొకర్ని కనుక్కుంటాను," అన్నాను.

పేరు మార్చే రాశాను, ఎవరని అడక్కండి. అమలాపురంలో మంచి డాక్టరు తెలిస్తే మాత్రం చెప్పండి.