అమ్మ ఊపిరికి సరిపడిన జీపు

మా ఇంట్లో అప్పటికే ఒక అంబాసిడర్ ఉంది. నాయిన సెకండ్ హ్యాండులో కొన్నది. సోలాపూర్‌లో కొంతం చౌక్ దగ్గరి ఒక సందులో కింద మా పవర్‌లూమ్ కార్ఖానా, పైన మా ఇల్లు. చద్దర్లు, టవళ్లు నేస్తుంటే లేచే నూలు దుమ్ము మెట్లెక్కి వచ్చి వంటింట్లో బోర్లించిన గిన్నెల మీద కూడా తెల్లగా పేరుకునేది. అమ్మ పెళ్లయి వచ్చిన కొత్తలోనే బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. మగ్గాలు నిలదొక్కుకున్నాక నాయిన ఆ పని మాన్పించాడు. అయినా ఆమె మధ్యాహ్నాలన్నీ వీధి అరుగుల మీద, బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్యనే గడిచేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ల చాటలోంచి ఒక ఆకు తీసుకుని, తంబాకు పోసి, తనకు తెలియకుండానే చుట్టేసేది.

నేను కాలేజీ ముగించిన ఏడాది ఆమెకు దమా ముదిరి ఊపిరాడటం కష్టమైంది. నూలు దుమ్ము, తంబాకు రెండింటికీ దూరంగా ఉంచకపోతే మనిషి దక్కదని డాక్టరు నాయినతో తెగేసి చెప్పాడు. హోట్గి రోడ్ నుంచి లోపలికి, కొత్తగా ప్లాట్లు వేస్తున్నచోట నాయిన ఒక చిన్న ఇల్లు కట్టించాడు. అన్న కుటుంబం కార్ఖానా పైనే ఉండిపోయింది. నాయిన, అమ్మ, నేను ఎండాకాలంలో కొత్త ఇంటికి మారాం. నాయిన పొద్దున్నే అంబాసిడర్ వేసుకుని కార్ఖానాకు పోయి సాయంత్రం వచ్చేవాడు.

అక్కడి భూమంతా నల్లరేగడి. ఎండలో బండలా ఉండేది. సెప్టెంబరులో మొదటి పెద్ద వాన పడ్డ సాయంత్రం అమ్మకు ఊపిరి అందలేదు. నాయిన, నేను ఆమెను కార్లో కూర్చోబెట్టి బయల్దేరాం. తారు రోడ్డు కనిపిస్తూనే ఉంది, కారు చక్రాలు సగం దాకా మట్టిలో దిగబడ్డాయి. నేను వెనక నుంచి నెట్టాను. చక్రాలు తిరిగినకొద్దీ ఇంకా లోతుకు పోయాయి. లోపల అమ్మ ముందు సీటు మీదికి వాలి, నోరు తెరిచి గాలిని పీలుస్తోంది. నాయిన కారు దిగి, చెప్పులు విడిచేసి, ఆమెను వీపున ఎక్కించుకున్నాడు. మోకాళ్ల దాకా బురదలో, ఒక్కో కాలు పీక్కుంటూ తారు రోడ్డు దాకా నడిచాడు. ఆటో దొరికింది కాబట్టి సరిపోయింది.

ఆమెను దవాఖాన నుంచి తెచ్చిన రోజే నాయిన ఇంకో బండి కొనాలన్నాడు. ఎత్తుగా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి, ఎప్పుడూ ఇంటి దగ్గరే ఉండాలి. పగలు ఇంట్లో ఉండేది నేనే కాబట్టి నేనే నడపాలి. ఆ వారమే నాకు ఖాళీ ప్లాట్ల మధ్య అంబాసిడర్ మీద డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టాడు.

ముందుగా అన్న తన దోస్తు దగ్గరి డీజిల్ జీపు తెచ్చి గుమ్మం ముందు నిలిపాడు. అమ్మ ఎక్కి కూర్చుంది. అన్న ఇంజను స్టార్ట్ చేయగానే బండంతా వణికింది, వెనక నుంచి నల్లటి పొగ లేచింది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఊపిరి కష్టమైనప్పుడు ఆమె గొంతు కింద, రెండు ఎముకల నడుమ ఉండే గుంట లోపలికి పీక్కుపోతుంది. నేనెప్పుడూ ఆ గుంటనే చూస్తుండేదాన్ని. అది లోపలికి పోవడం కనిపించగానే ఇంజను ఆపమన్నాను.

అన్నకు కోపం వచ్చింది. ఊళ్లో జీపులన్నీ డీజిల్ మీదే నడుస్తున్నాయనీ, పెట్రోలు జీపు నీళ్లు తాగినట్టు తాగుతుందనీ, ఎవరైనా వింటే నవ్వుతారనీ అన్నాడు. నాయిన మాత్రం, పొగ రాని బండే చూద్దామన్నాడు.

నిజంగానే నవ్వారు. పాత బండ్లు అమ్మిపెట్టే దలాలు ఒకాయన, మా తెలుగాయనే, మేం అడిగింది విని నాయిన మొహం వంక ఒకసారి చూశాడు. "అందరు పెట్రోల్ ఇంజన్ పీకేసి డీజిల్‌ది ఏపిచ్చుకుంటున్నరు కాకా. మీరేంది ఉల్టా వస్తున్నరు?" అన్నాడు. అడిగేవాళ్లు లేరు కాబట్టి అగ్గువకే వస్తాయని కూడా చెప్పాడు. ఆయన చూపించిన మొదటి పెట్రోలు జీపు ఒక తంబాకు వ్యాపారిది. బస్తాలు మోసి మోసి దాని సీట్లకు, టాపుకు ఆ వాసన పట్టేసింది. అమ్మ తల లోపలికి పెట్టి వెంటనే వెనక్కి వచ్చి, "నక్కో, వద్దు, ఇండ్ల తంబాకు ఉన్నది" అంది. కాని వెనక్కి వచ్చే ముందు ఆమె ఆ వాసనను ఒక్కసారి నిండుగా పీల్చడం నేను చూశాను.

రెండోది అక్కల్‌కోట్ రోడ్డు మీద చెరకు తోట ఉన్న ఒక మరాఠీ రైతు దగ్గర ఉంది. రేకుల షెడ్డు కింద, గుడ్డ టాపు వేసి, శుభ్రంగా తుడిచి పెట్టాడు. నాయిన, అన్న టైర్లు చూశారు, కిందికి వంగి నట్లు, రాడ్లు చూశారు. నేను తోట గట్టు వెంట దున్నిన నేలలో నడిపి చూశాను. స్టీరింగ్ బరువుగా ఉంది గాని బండి ఎక్కడా తడబడలేదు. తర్వాత అమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఇంజను నడుస్తూ ఉండగా, పక్క పరదాలు దించి, మేమంతా ఎదురుచూశాం. ఆమె కళ్లు మూసుకుంది. గొంతు కింది గుంట కదల్లేదు. కాసేపటికి కళ్లు తెరిచి నా వైపు చూసి తల ఊపింది.

ఆ రైతు మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. నాయిన బేరం మొదలుపెట్టబోతుంటే, అమ్మ తనకు వచ్చిన సగం తెలుగు సగం మరాఠీలో, ఇంత మంచి బండిని ఎందుకు అమ్ముతున్నారని అడిగింది. ఆయన కప్పు కింద పెట్టి, ఎండాకాలంలో తన భార్యకు బాగా సుస్తీ చేస్తే ఈ బండిలోనే దవాఖానకు బయల్దేరామనీ, ఊరు చేరకముందే వెనక సీట్లో ఆమె ప్రాణం పోయిందనీ చెప్పాడు. మీరు అడిగారు కాబట్టి చెప్పాను, అడక్కపోతే చెప్పేవాణ్ణి కాదేమో అన్నాడు. అమ్మ ఆయన్ని ఆమె వయసెంత అని అడిగింది. ఆయన చెప్పింది అమ్మ వయసే.

అన్న లేచి నిలబడి, తర్వాత కబురు చేస్తామన్నాడు. నాయిన చాయ్ పూర్తిగా తాగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అంబాసిడర్‌లో, ఊరి దగ్గరికి వచ్చాక అన్న, మనిషి పోయిన గాడీ మనకెందుకు, ఇంకొకటి చూద్దామన్నాడు.

"మీ తాత పోయిన మంచం మీదనే ఇయ్యాల్టికి నువ్వు పంటున్నవు" అంది అమ్మ. "ఎన్నడన్న భయమైందా నీకు?"

నాయిన రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, "మంచం ఏరు, ఇది ఏరు. నిన్ను దవాఖానకు తీస్కపోనీకెనే కొంటున్నం" అన్నాడు.

"నేను గదే అంటున్న. గా గాడీ ఆమెను బతికిచ్చుకోనీకె ఉరికింది. చంపనీకె పోలేదు గద."

ఆమె అంత గట్టిగా ఒక మాట మీద నిలబడటం నేను ఎప్పుడో గాని చూడలేదు. నాయిన ఇంకో రెండు బండ్లు చూశాడు. ఒకదానికి చాసిస్ తుప్పు పట్టింది, ఇంకొకటి స్టార్ట్ కాలేదు. చివరికి చెరకు రైతు జీపే మా ఇంటికి వచ్చింది. నాయిన కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుడి నుంచి తెచ్చిన కుంకుమ వెనక సీటు మీద కూడా చల్లాడు. అయినా ఆయన ముఖంలో దిగులు పోలేదు. అమ్మను ముందు సీట్లోనే కూర్చోబెట్టమని నాకు మళ్లీ మళ్లీ చెప్పాడు.

ఆ వానాకాలం మిగిలిన రోజుల్లో జీపు ఒక్కసారి కూడా దిగబడలేదు. అమ్మకు ఊపిరి కుదుటపడింది. రాత్రిళ్లు పడుకుని నిద్రపోగలుగుతోంది. అలా చూసి ఎన్నాళ్లయిందో. కాని ఆ ఇంటి చుట్టూ అప్పటికి ఇళ్లు లేవు. మగ్గం చప్పుడు లేదు, మనిషి గొంతు లేదు. అమ్మ పని ముగించుకుని గడపలో కూర్చుని, ఎవరూ రాని దారి వైపు చూసేది. ఒక రోజు, పాత ఇంట్లో పప్పు డబ్బా మరిచిపోయాను, పోయి తెచ్చుకుందామంది. తీసుకుపోయాను. ఇంకో రోజు, మనవడికి జ్వరమంట కదా, చూసి వద్దామంది. ఆ తర్వాత సాకులు చెప్పడం కూడా మానేసింది. మధ్యాహ్నాలు నాయిన సరుకు పని మీద బజారులో ఉండేవాడు, ఆ వేళకు ఆమె అన్నం తిని, చీర మార్చుకుని, జీపు పక్కన నిలబడేది. నేను తాళం చెవి తీసుకుని వచ్చేదాన్ని.

మా పాత ఇంటికి ఎదురుగా ఉండే ఒకామెను నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. ఆమె, అమ్మ ఇరవై ఏళ్లుగా ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టినవాళ్లు. అమ్మ వస్తే ఆమె చాట పక్కకు జరిపి చోటిచ్చేది. కాని జీపు దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. దానిలో ఎవరో పోయారన్న మాట అప్పటికే వీధంతా పాకింది. ఇంటికి రమ్మని అమ్మ ఎన్నిసార్లు పిలిచినా, బస్సులో వస్తాలే అక్కా అని తప్పించుకునేది.

అమ్మ చీరకు అంటిన తంబాకు వాసన నాయిన పసిగట్టాడు. ఆ రాత్రికే దగ్గు మళ్లీ మొదలైంది కూడా. మరునాడు జీపు తాళం చెవి తన జేబులో వేసుకుని కార్ఖానాకు పోయాడు. ఆ మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. నడుచుకుంటూ హోట్గి రోడ్ దాకా పోయి, సిటీ బస్సు ఎక్కిందట. బస్సు నిండా జనం. పొగలో, నిలబడి పోయింది. దిగాక నడవలేక ఫుట్‌పాత్ మీద కూలబడితే, ఎవరో గుర్తుపట్టి అన్నకు చెప్పారు. అన్న ఆటోలో తీసుకొచ్చాడు.

నాయిన వచ్చాక ఆమె ముందు చాపమీద కూర్చున్నాడు. చాలాసేపు ఆమె ఊపిరి శబ్దం వింటూ ఉండి, "ఆడ ఏమున్నదే నీకు?" అని అడిగాడు.

"ఏం లేదు. మాట్లాడనీకె మనుషులున్నరు" అంది అమ్మ.

ఆయన తెల్లారి తాళం చెవి దేవుడి అరలో పెట్టి వెళ్లాడు. పోతూ పోతూ, చాటలకు దూరంగా బయట అరుగు మీదే కూర్చోమను, తొందరగా తీసుకురా అని నాకు చెప్పాడు. ఆ మాట అమ్మ ఒప్పుకుంది. కొన్నాళ్లు అలాగే నడిచింది.

చలికాలం వచ్చాక ఆడవాళ్లు అరుగులు వదిలి, తలుపులు దగ్గరగా వేసుకుని లోపల కూర్చోసాగారు. ఒక మధ్యాహ్నం నేను అన్న ఇంట్లో వదినతో మాట్లాడుతున్నాను. కింది నుంచి చిన్నమ్మ కేక వినిపించింది. పరుగెత్తి పోయేసరికి, ఆమె ఇంట్లో చాటల నడుమ అమ్మ గోడకు ఆనుకుని కూలబడి ఉంది. పెదవులు నీలంగా మారాయి. ముందు సీట్లో కూర్చోబెట్టబోతే పక్కకు ఒరిగిపోతోంది, పట్టుకునేవాళ్లు లేకపోతే నిలవదు. నేను వెనక సీటు వైపు చూశాను. అంతలో చిన్నమ్మ జీపు వెనక ఎక్కేసి చేతులు చాచింది.

"ఇటియ్యి బిడ్డా. నా రొమ్ముకు ఆనిచ్చుకుంట."

అమ్మను ఆమె ఒళ్లోకి ఎక్కించాం. సందు నిండా నూలు బేళ్ల తోపుడు బండ్లు. అన్న ముందు పరుగెత్తుతూ వాటిని పక్కకు లాగించాడు. నేను వెనక్కి తిరిగి చూడలేను. చిన్నమ్మ గొంతు మాత్రం వినిపిస్తోంది. పాత సంగతులేవో, ఇద్దరూ కలిసి జాతరకు పోయింది, బీడీల కార్ఖానాలో ముకాదం మేస్త్రీతో కొట్లాడింది, అన్నీ చెబుతూనే ఉంది. దవాఖాన దగ్గరలో ఆ గొంతు ఆగిపోయింది. అడిగే ధైర్యం లేక అలాగే నడిపాను. గేటు ముందు ఆపి తిరిగి చూస్తే, చిన్నమ్మ కళ్లు మూసుకుని దేవుణ్ణి మొక్కుతోంది. అమ్మ ఛాతీ ఇంకా కదులుతోంది.

ఆక్సిజన్ పెట్టారు. రెండు రోజులు ఎటూ చెప్పలేమన్నారు, తర్వాత గండం గడిచిందన్నారు. డాక్టరు నాయినను మా అందరి ముందే చీవాట్లు పెట్టాడు. నాయిన తల వంచుకుని విన్నాడు, అమ్మ మీదికి మాట రానివ్వలేదు.

ఇంటికి వచ్చాక అమ్మే, ఇక పోనని చెప్పింది. ఎవరూ ఆమెను ఆపాల్సిన పని లేకపోయింది. చిన్నమ్మ పని లేని రోజున తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఎదురుచూసేది, నేను జీపులో తీసుకొచ్చేదాన్ని. ఇద్దరూ గడపలో కూర్చునేవాళ్లు. కాని చేతిలో పని లేకుండా వాళ్లకు మాటలు సాగేవి కావు. మెల్లగా ఆమె రావడమూ తగ్గింది.

ఒకసారి అమ్మను డాక్టరుకు చూపించి తిరిగి వస్తున్నాం. కొంతం చౌక్ వైపు పోయే మలుపు దగ్గర ఆమె అటే చూస్తోంది. పోదామా, కాసేపు బయటే నిలబడి వద్దాం అన్నాను.

"పోవాలని అనిపిస్తది బిడ్డా. అనిపించనియ్యి. ఇంటికి పోదాం" అంది.

ఆమె ఆ ఇంట్లో ఇంకా చాలా ఏళ్లు బతికింది. ఊపిరి తిన్నగానే ఆడేది, చుట్టూ ఇళ్లు కూడా లేచాయి. మేం కోరుకున్నదే జరిగింది. అయినా నాయిన ఏనాడూ ఆ ఇంటిని మంచి ఇల్లు అనలేదు. ఎవరైనా మెచ్చుకోబోతే లేచి బయటికి వెళ్లిపోయేవాడు.