ఊగితే ఊరుకోని వెర్లిన్

భూమి తన ఇరుసు మీద కాస్త ఊగుతుందని టీవీలో విని, వెర్లిన్ స్టట్స్‌మన్ వెల్డింగు సామాను కోసం ఇంటికి పరుగెత్తాడు. ఇది పూర్తిగా నిజం కాదు. పరుగెత్తలేదు; సామాను ఎప్పుడూ అతని ట్రక్కులోనే ఉంటుంది.

ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో ఊగేదేదైనా వెర్లిన్ కంట పడిందా, దాని ఊగుడుకు కాలం చెల్లినట్టే. ట్రూడీ హోటల్లో కిటికీ పక్క బల్ల ఊగుతోందని ఆమె దాని కాలి కింద అట్టముక్క పెట్టింది. అది చూసిన వెర్లిన్ తింటున్న 'ఆపిల్ పై' మిఠాయి కూడా సగంలో వదిలేసి, బల్లను ఏకంగా నేలకే బిగించేశాడు.

"ఇక కింద ఎలా తుడవాలయ్యా?" అంది ట్రూడీ.

"చుట్టూ తిరిగి తుడువు. కాఫీ ఒలకదు కనక తుడిచే పనీ తగ్గుతుంది."

తరువాత చర్చిలో మూడో వరస బెంచీ. ఆ తరువాత పోస్టాఫీసు మెట్ల కమ్మీ. ఓ ఆదివారం పాస్టరుగారు ఊగిపోతూ ప్రసంగిస్తూ, వెర్లిన్ చూపు తన మీద పడగానే నిటారుగా బిగుసుకుపోయారంటారు.

ఈ కథలు విని అందరికంటే ఎక్కువ నవ్వేది నేడీన్. ఆ వేసవిలో మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. భర్త హాలిస్‌కు కాళ్లు నిలకడ తప్పాయి. నలుగురి ముందు ఎవరైనా తన చెయ్యి పట్టుకోవడం అతనికి చావుతో సమానం. గ్యారేజీలో అరవై తొమ్మిది నాటి ఎర్ర కారు ఉంది. పెళ్లికి ముందు ఇద్దరూ ఊళ్లు తిరిగింది దాన్లోనే.

"బస్తాలా ఎత్తి పడేస్తే తప్ప ఎక్కలేని కారు నాకెందుకు? శనివారం అమ్మేస్తున్నా" అన్నాడు హాలిస్.

కబురు అంది వెర్లిన్ వచ్చాడు. మనిషిని పలకరించలేదు. కారు తలుపు పట్టుకుని ఊపాడు.

"ఒరేయ్ హాలిస్, ఇంత ఇంజను పెట్టుకుని చాసీ, ఈ కింది చట్రం, ఇలా ఉందేమిట్రా? గట్టిగా తొక్కితే కారు తడిగుడ్డలా మెలిపడుతుంది."

"చట్రం ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలుపుతూ నేనే కమ్మీలు అతికానుగా!"

"కారును దేని మీద పెట్టి?"

"స్టాండ్ల మీద పైకెత్తి."

వెర్లిన్ నెత్తి కొట్టుకున్నాడు. "చక్రాల మీద నిలబెట్టి అతకాలిరా! చక్రాలు వేలాడుతుండగా అతికితే ఆ వంకర జన్మంతా ఉండిపోతుంది. అందుకే ఇన్నేళ్లూ తలుపును తన్ని మూశావు."

"అది మా ఇంటి ఆచారం అనుకున్నాను" అంది నేడీన్.

"వంకర కారు అమ్మితే ఊరి పరువేం కావాలి? బాగుచేశాకే అమ్ము" అన్నాడు వెర్లిన్.

పాత కమ్మీలు కోసేసి, కారు బరువంతా చక్రాల మీదే ఉంచి, వెర్లిన్ కొత్త కమ్మీలు అతికాడు. తరువాత ముందు మూలన జాకీ వేసి, చక్రం గాల్లోకి లేచేదాకా ఎత్తాడు. "చట్రం మెలిపడితే తలుపు పట్టదు. ఇప్పుడు వెయ్యి" అన్నాడు. నేడీన్ ఒక్క వేలితో నెట్టింది. టక్కుమని పడింది.

జాకీ దించాక హాలిస్ డ్రైవరు పక్క సీటు దగ్గరకొచ్చాడు. "తలుపు పక్కన కొత్తగా ఈ నిలువు కమ్మీ ఏమిట్రా?"

"చాసీ బిగువుకి. ఊగుతుందేమో లాగి చూడు."

హాలిస్ రెండు చేతులతో పట్టుకు లాగాడు. కమ్మీ కదల్లేదు. హాలిస్ కదిలాడు. మరుక్షణం సీట్లో ఉన్నాడు, ఎవరి చెయ్యీ తగలకుండా!

శనివారం బేరగాడు వచ్చేసరికి గ్యారేజీ ఖాళీ. నేడీన్ నడుపుతున్న కారు ట్రూడీ హోటల్ ముందు గర్జిస్తూ ఆగింది. హాలిస్ కమ్మీ పట్టుకుని దిగి, కర్ర ఊతంతో లోపలికి నడిచి, కూర్చోబోతూ కిటికీ పక్క బల్ల మీద బరువంతా ఆన్చాడు. బల్ల చలించలేదు.

నేడీన్‌కు అప్పుడు తట్టింది. ఈ బల్ల హాలిస్ రోజూ కూర్చునేది. మూడో వరస బెంచీ హాలిస్‌దే. పోస్టాఫీసు మెట్లెక్కుతూ పట్టుకునేదీ ఆ కమ్మీనే.

ఆమె పక్క బల్ల దగ్గర కూర్చున్న వెర్లిన్ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది. "ఆ నిలువు కమ్మీతో చాసీకి పనేం లేదని నాకూ తెలుసు. మా ఆయన చెయ్యి ఆన్చే చోటల్లా చూసుకుని ఊరంతా బిగించావు కదూ?"

వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. "కట్టుకథ! మీ ఆయన గొడవ నాకెందుకు? పోస్టాఫీసు కమ్మీని నేను ముట్టుకోనైనా లేదు. అసలు నాకు వెల్డింగే రాదు!"